చేపల మీద తెల్లచుక్కలు: వేడి పెట్టాలా, ఉప్పు వేయాలా, మందు పోయాలా?

నవంబరు దాటి బెంగళూరులో రాత్రులు చల్లబడ్డాయంటే అక్వేరియం ఉన్న ఇళ్లలో వైట్ స్పాట్ మొదలవుతుంది. నిన్న బాగానే ఉన్న చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుని ఓ మూల నిలబడుతుంది. షాపుకు వెళితే ఆకుపచ్చ మందు సీసా చేతిలో పెట్టి, "రోజుకో మూత పోయండి సార్, రెండు రోజుల్లో పోతాయి" అంటారు. ఆఫీసులో చేపలు పెంచే కొలీగ్ ఉప్పు వేయమంటాడు. యూట్యూబులో ఇంకెవరో హీటరు ముప్పైకి పెట్టమంటారు.

మూడూ పనిచేసేవే. కానీ మోలీలున్న ట్యాంకును బాగుచేసిన ఉప్పు, మొక్కలు నిండిన ట్యాంకును పాడుచేస్తుంది. ఏంజెల్ ఫిష్‌కు హాయిగా ఉండే వేడి గోల్డ్ ఫిష్‌కు ఊపిరాడనివ్వదు. కాబట్టి ఏ మందు గొప్పది అని కాకుండా, మీ ట్యాంకులో ఎవరున్నారు, మీ నీళ్లు ఎలాంటివి, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారా అని మొదలుపెడితే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ముందు ఈ పరాన్నజీవి తీరు

దీని పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్. ఒకే కణం ఉన్న జీవి. దీన్ని 1876లోనే వర్ణించారు. చికిత్సలో జరిగే పొరపాట్లన్నీ దీని జీవితచక్రం తెలియక జరిగేవే, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మనకు కనిపించే తెల్లచుక్క చేప చర్మం కిందే దాక్కుని తింటూ పెరుగుతున్న పరాన్నజీవి. అక్కడ ఉన్నంతసేపు దానికి ఏ మందూ తగలదు. కడుపు నిండాక అది చేపను వదిలి అడుగుకు జారి, గులకరాళ్లకో మొక్కకో అతుక్కుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి రెండై, రెండు నాలుగై వందల్లో చీలిపోతుంది. అప్పుడు కంటికి కనిపించని పిల్లలు బయటపడి చేప కోసం నీళ్లలో ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఉప్పుకైనా, మందుకైనా దొరికేది ఆ ఈదే పిల్లలు మాత్రమే.

ఇప్పుడు షాపులో చెప్పిన మాటకు వద్దాం. "రెండు రోజుల్లో పోతాయి" అన్నది అబద్ధం కాదు, మందు పోయకపోయినా చుక్కలు పోతాయి! ఎందుకంటే అవి పండి రాలిపోతాయి. తగ్గిందనుకుని మందు ఆపేస్తాం. నాలుగైదు రోజులకు ముందుకంటే పదింతలు చుక్కలు వస్తాయి. మందు నకిలీదని షాపును తిడతాం. నకిలీ మందులు లేవని కాదు గానీ, చాలాసార్లు తప్పు మధ్యలో ఆపేయడంలోనే ఉంటుంది.

ఈ చక్రం వేగం నీటి వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర వారం లోపే ఒక చుట్టు పూర్తవుతుంది. హీటరు లేని ట్యాంకు జనవరి రాత్రి 20 దగ్గరకు దిగితే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. 10 డిగ్రీల చల్లటి నీళ్లలో అయితే నెల దాటుతుంది. కాబట్టి ఎన్ని రోజులు వైద్యం చేయాలన్నది సీసా మీద కాదు, మీ థర్మామీటరు మీద రాసి ఉంటుంది.

ఏం చూసి ఎంచుకోవాలి

ట్యాంకులో మొక్కలు, రొయ్యలు, నత్తలు ఉన్నాయా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి. తర్వాత చేపల రకం: పొలుసులు లేని, సన్న పొలుసుల చేపలు (లోచ్‌లు, క్యాట్ ఫిష్‌లు), చిన్న టెట్రాలు మందులకు తొందరగా దెబ్బతింటాయి. మూడోది హీటరు, కరెంటు. నాలుగోది నీళ్లు: కావేరీవా, బోరువా, ట్యాంకరువా. చివరిది మీ టైం. పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చేవాళ్లు పన్నెండు గంటలకోసారి చేయాల్సిన పద్ధతి పెట్టుకుంటే కుదరదు.

| పద్ధతి | మొక్కలు | రొయ్యలు, నత్తలు | ఎవరికి నప్పుతుంది | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| వేడి (30 డిగ్రీలు) | చాలా వాటికి ఫర్వాలేదు | రొయ్యలకు కష్టం | ఏంజెల్, డిస్కస్, రామ్, ఫైటర్ | ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు కావాలి |
| ఉప్పు (లీటరుకు 2 గ్రాములు) | సున్నితమైనవి పోతాయి | నత్తలకు చెడ్డది | మోలీ, గప్పీ, ప్లాటీ, గోల్డ్ ఫిష్ | కొలత తప్పకూడదు |
| మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ | కొన్నిటికి దెబ్బ | ప్రమాదం | చుక్కలు బాగా ముదిరినప్పుడు | విషం, ఆక్సిజన్, మరకలు |
| పాత్ర మార్చడం | సంబంధం లేదు | సంబంధం లేదు | ఒకటి రెండు చేపలున్నవాళ్లు | రోజుకు రెండుసార్లు పని |
| రాగి మందు | చెడ్డది | చంపేస్తుంది | టెస్ట్ కిట్ ఉన్న అనుభవజ్ఞులు | నీటిని బట్టి విషమవుతుంది |

వేడి

30 డిగ్రీల దగ్గర ఈ పరాన్నజీవి వృద్ధి కుంటుపడుతుంది. ఆ వేడిని పది రోజుల నుంచి రెండు వారాల దాకా తగ్గకుండా ఉంచితే చాలా కేసుల్లో మందు లేకుండానే పోతుంది. వేడిని తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి కాబట్టి వారం దాటినా కొత్త చుక్కలు వస్తూనే ఉంటే ఇంకో పద్ధతికి మారాల్సిందే.

మధ్యలో ఆగడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం. భయపడి 27కో 28కో పెట్టి ఊరుకుంటే పరాన్నజీవి చావదు, పైగా దాని చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. ఉప్పు తోడు లేకుండా సగం వేడి పెట్టేకంటే అసలు పెట్టకపోవడమే నయం.

ఇంకో సంగతి బెంగళూరుకే ప్రత్యేకం. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి నీళ్లలో చెన్నై నీళ్లకంటే దాదాపు పది శాతం తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 7.4 మిల్లీగ్రాముల వరకు పడితే, 30కి వచ్చేసరికి అది 6.8కి దిగుతుంది. మొప్పల్లోనూ చుక్కలున్న చేపకు ఆ తేడా చిన్నదేమీ కాదు. అందుకే వేడి పెట్టేవాళ్లు ఎయిర్ పంపు రాత్రింబవళ్లు నడపాలి. శబ్దానికి నిద్ర పట్టదని రాత్రి ఆపేస్తే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి.

హీటరు లీటరుకు ఒక వాటు లెక్కన తీసుకోవచ్చు. డిసెంబరులో పది డిగ్రీలు పెంచాలంటే ఇంకాస్త పెద్దదే మేలు. నీళ్లను గంటకు ఒక డిగ్రీ మించకుండా పెంచండి. హీటరు మీది నంబరును నమ్మకుండా విడిగా ఒక థర్మామీటరు పెట్టుకోండి, చవక హీటర్లలో రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. నీళ్లు మార్చేటప్పుడు ముందు ప్లగ్గు తీసేయాలి, లేకపోతే గ్లాసు పగులుతుంది, షాకూ కొట్టొచ్చు. ఇన్వర్టరు మీద చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లే నడుస్తాయి, హీటరు నడవదు. కరెంటు ఎక్కువగా పోయే ఏరియా అయితే వేడి ఒక్కదాన్నే నమ్ముకోకండి.

గోల్డ్ ఫిష్, వైట్ క్లౌడ్, పెప్పర్డ్ కోరీ (చిన్న క్యాట్ ఫిష్) లాంటివి చల్లటి నీళ్లలో హాయిగా ఉండేవి. వాటికి ఈ పద్ధతి వద్దు.

ఉప్పు

నన్నడిగితే బెంగళూరులో మొక్కల్లేని మామూలు ట్యాంకుకు మొదటి ఎంపిక ఇదే. చవక, కిరాణా కొట్టులో దొరుకుతుంది, చేపకు ఊపిరి ఇబ్బంది పెట్టదు, పొరపాటున ఎక్కువైనా నీళ్లు మార్చి సరిదిద్దుకోవచ్చు. కలిపినవేమీ లేని రాళ్ల ఉప్పు తీసుకోండి. అయోడిన్ గురించి అంత భయపడక్కర్లేదు గానీ, టేబుల్ సాల్ట్‌లో గడ్డ కట్టకుండా కలిపేవి ఉంటాయి, అవి మనకెందుకు?

కొలత ఇలా చూసుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో లెక్క ప్రకారం 56 లీటర్లు పడతాయి. కింద గులకరాళ్లు, పైన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండేవి 45 లీటర్లే. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాములు కావాలి. చెంచాలతో కొలవకండి, రాళ్ల ఉప్పు ఒక చెంచాలో ఎంత పడుతుందో రాళ్ల సైజును బట్టి మారిపోతుంది. వంటింటి తూకం మీద 90 గ్రాములు తూచి మూడు భాగాలు చేయండి. ఒక్కో భాగాన్ని మగ్గులో పూర్తిగా కరిగించి, పన్నెండు గంటల తేడాతో ఫిల్టరు నీళ్లు పడేచోట కొద్దికొద్దిగా పోయండి. రాళ్లను అలాగే ట్యాంకులో వేస్తే అడుగున తిరిగే చేపకు ఒళ్లు మండుతుంది.

ఆర్‌ఓ కోసం కొన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఇంట్లో ఉంటే అది ఇప్పుడు పనికొస్తుంది. లీటరుకు 2 గ్రాముల ఉప్పు కలిస్తే ముందున్న రీడింగు మీద దాదాపు 2000 పెరగాలి. బాగా తక్కువ పెరిగితే నీళ్ల లెక్కో తూకమో తప్పింది.

"మా బోరు నీళ్లు అసలే ఉప్పగా ఉంటాయి, మళ్లీ ఉప్పెందుకు?" అని చాలామంది అడుగుతారు. బోరు నీళ్లలో టీడీఎస్ 800 ఉందంటే అందులో ఎక్కువగా ఉండేవి కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు. గీజరులో తెల్లగా పేరుకునేది అదే. వైట్ స్పాట్ పిల్లలకు దాంతో లెక్కే లేదు. ఉప్పు వేయాల్సిందే.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. మట్టం తగ్గిందని పోసే నీళ్లలో ఉప్పు కలపకూడదు. పది లీటర్లు తీసేసి పది లీటర్లు కొత్తవి పోస్తే మాత్రం ఆ కొత్త నీళ్లలో 20 గ్రాములు కలపాలి. చాలామందికి ఉప్పు పనిచేయలేదంటే ఈ రెంటిలో ఒకటి తారుమారైందన్నమాట.

రెండు వారాలు ఉంచండి. దీనికి వేడి తోడు చేస్తే ఇంకా మంచిది: 28 డిగ్రీలు, 2 గ్రాముల ఉప్పు కలిస్తే చక్రం వేగంగా తిరిగి, బయటపడ్డ పిల్లలు వచ్చినవి వచ్చినట్టే చస్తాయి. సగం వేడి పనికొచ్చేది ఇక్కడ ఒక్కచోటే.

సున్నితమైన మొక్కలు ఈ ఉప్పుకు వాడిపోవచ్చు. నత్తలను ముందే తీసి వేరే డబ్బాలో పెట్టుకోండి. కోరీలు, లోచ్‌లు ఉంటే లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, వాటి ఊపిరి చూస్తూ మెల్లగా పెంచండి.

మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ చుక్కలు

షాపుల్లో వైట్ స్పాట్ మందు పేరుతో అమ్మేవాటిలో ఎక్కువగా ఉండేది మలకైట్ గ్రీన్, లేదా దానికి ఫార్మలిన్ కలిపినది. బలమైన మందు, సందేహం లేదు. చేప ఒళ్లంతా చుక్కలు నిండి, మొప్పలు వేగంగా కొట్టుకుంటూ, వేడి ఎక్కే దాకా ఆగే టైం లేనప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అయితే ఇది విషమని మరిచిపోకూడదు. తినే చేపల పెంపకంలో దీన్ని చాలా దేశాలు ఒప్పుకోవు. చేతికి గ్లవ్స్ వేసుకోండి. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లలు దీని జోలికి వెళ్లకూడదు. ట్యాంకు అంచుల్లోని సిలికాన్ పచ్చబడితే ఇక వదలదు, అద్దె ఇంటి గ్రానైట్ మీద పడితే ఓనరుతో గొడవే.

ఫార్మలిన్ నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ మలకైట్ గ్రీన్ ఇంకా ఘాటవుతుంది. కాబట్టి తొందరగా తగ్గాలని 30 డిగ్రీల వేడి, ఈ మందు రెండూ కలిపి పెట్టొద్దు. టెట్రాలు, లోచ్‌లు ఉంటే సీసా మీద రాసిన దాంట్లో సగమే వాడాలి. ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే పోసిన మందును అదే పీల్చేస్తుంది. వెలుతురుకు మందు విరిగిపోతుంది, లైటు ఆపేసి ఉంచండి. ప్రతిసారీ మళ్లీ మందు పోసేముందు నాలుగో వంతు నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మరిచిపోకండి, జబ్బు చేపకు క్లోరిన్ ఇంకో దెబ్బ.

నీలం సీసా వేరు, అది మిథిలీన్ బ్లూ. గుడ్లకు, ఫంగస్‌కు బాగుంటుంది గానీ వైట్ స్పాట్‌కు మొదటి మందు కాదు. పైగా ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. ప్రధాన ట్యాంకులో పోయకండి.

పాత్ర మార్చడం

ఒకే ఫైటర్ ఉన్నవాళ్లకు ఇది చక్కటి దారి. రెండు ప్లాస్టిక్ టబ్బులు కావాలి. చేపను పన్నెండు గంటలకోసారి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, అదే వేడి ఉన్న శుభ్రమైన నీళ్లలోకి మార్చాలి. రాలిన పరాన్నజీవులు పాత టబ్బులోనే మిగిలిపోతాయి. ఖాళీ టబ్బును కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, ఎండిపోతే అవి బతకవు. నీళ్లు 25 పైన ఉంటే వారంలో తేలిపోతుంది. అయిదు లీటర్ల ఫైటర్‌కు ఇది నడుస్తుంది గానీ వంద లీటర్ల ట్యాంకుకు, అదీ ట్యాంకరు నీళ్లు కొనుక్కునే అపార్ట్‌మెంటులో, ఆలోచన కూడా అనవసరం.

రాగి

పనిచేస్తుంది. కానీ మంచికీ విషానికీ మధ్య గీత చాలా సన్నం, పైగా ఆ గీత నీటి ఆల్కలినిటీని బట్టి జరుగుతూ ఉంటుంది. బోరు నీళ్లలో సరిపోయిన కొలత మెత్తటి నీళ్లలో చేపను చంపుతుంది. సంపులో కావేరీ నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఎంతెంత కలిశాయో తెలియని ఊళ్లో, రాగి టెస్ట్ కిట్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు.

మీ ఇంటికి ఏది?

మోలీలు, గప్పీలు, ప్లాటీలు ఉన్న గాజు ట్యాంకు అయితే ఉప్పు, దానికి తోడు 28 డిగ్రీలు. ఆలోచించాల్సింది ఏమీ లేదు. గోల్డ్ ఫిష్‌కు ఉప్పు ఒక్కటే, గది వేడిలోనే, రోజులు మాత్రం మూడు వారాల దాకా సాగనివ్వండి. మగ గోల్డ్ ఫిష్‌కు జత కట్టే కాలంలో మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున తెల్లటి గింజలు వస్తాయి. అది జబ్బు కాదు, దానికి మందు పోయకండి.

ఏంజెల్, డిస్కస్, రామ్ ఉంటే వేడి. మొక్కలున్న ట్యాంకులో ఈ చేపలే ఉంటే ఇంకా మంచిది, మొక్కలకూ పెద్ద ఇబ్బంది ఉండదు.

మొక్కలు, చెర్రీ రొయ్యలు, నియాన్ టెట్రాలు కలిసి ఉన్న ట్యాంకు అన్నిటికంటే చిక్కు. అక్కడ ఏ పద్ధతి పెట్టినా ఒకరికి దెబ్బ తగులుతుంది. నా సలహా, ట్యాంకుకు వైద్యం చేయకండి. చేపలన్నిటినీ పట్టి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో హీటరు, స్పాంజ్ ఫిల్టరు పెట్టి అక్కడ ఉప్పుతో నయం చేయండి. రొయ్యలకు ఈ పరాన్నజీవి పట్టదు. చేపే లేని ట్యాంకులో పిల్లలకు తిండి దొరక్క చస్తాయి, రెండు వారాలు ఖాళీగా ఉంచితే చాలు. చేపల్ని పట్టడానికి మొక్కలు కాస్త కదపాల్సి వస్తుంది, అందంగా పేర్చుకున్నది చెదురుతుంది. తప్పదు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే జబ్బు సీజనూ ప్రయాణాల సీజనూ ఒకటే. వెళ్లడానికి రెండు రోజుల ముందు చుక్కలు కనిపిస్తే మందు సీసా తెరవకండి, చూసేవాళ్లు లేకుండా ఆ మందు నడపడం చేపల్ని వదులుకోవడమే. ఉప్పు పూర్తి కొలత ఎక్కించి, ఎయిర్ పంపు నడిపించి, మేత బాగా తగ్గించి వెళ్లండి. పక్కింటి వాళ్లకు తాళం ఇస్తే "మేత వేయకండి, పంపు ఆడుతోందో లేదో చూడండి చాలు" అని చెప్పండి. డిసెంబరు చివరి వారాల్లో కొత్త చేపలు కొనకుండా ఉంటే ఇంకా మంచిది. శివాజీనగర్ షాపుల్లోకి వచ్చే చేపల్లో చాలావరకు చెన్నై కొలత్తూరు వైపు నుంచి రాత్రంతా సంచుల్లో ప్రయాణం చేసి వస్తాయి. ఆ వెచ్చటి ఊరి నుంచి ఈ చల్లటి ఊరికి రావడమే వాటికి పెద్ద దెబ్బ.

చుక్కలు వైట్ స్పాట్‌వి కాకపోతే

ట్యాంకు లైటు ఆపి, చీకట్లో టార్చి పక్క నుంచి వేయండి. బంగారు రంగు పిండి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి. ఫైటర్లలో ఎక్కువ. ఆ జీవికి వెలుతురూ ఆహారమే, కాబట్టి ట్యాంకుకు గుడ్డ కప్పి ఉప్పు మొదలుపెట్టండి. చుక్కలే లేకుండా ఒళ్లు రుద్దుకుంటూ, ఒకవైపు మొప్పతోనే ఊపిరి తీస్తుంటే అవి ఫ్లూక్‌లు, అంటే మొప్పలకు, చర్మానికి పట్టే సన్నటి పురుగులు. వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు వేయాలి, వాటి గుడ్లు మందుకు చావవు గనక వారం పది రోజులకు ఇంకోసారి. గప్పీ మలద్వారం నుంచి ఎర్రటి దారాల్లాంటివి వేలాడితే అవి కమల్లానస్ పురుగులు, వాటికి ప్రాజిక్వాంటెల్ పనిచేయదు, లెవమిసోల్ కావాలి. గోల్డ్ ఫిష్ ఒంటికి పుల్లలా గుచ్చుకుని ఏదో కనిపిస్తే యాంకర్ వర్మ్: ట్వీజర్‌తో మెల్లగా లాగి తీయాలి, కానీ నీళ్లలో పిల్లలు మిగిలే ఉంటాయి.

ఆపేది ఎప్పుడు

చివరి చుక్క కనిపించిన రోజు నుంచి లెక్క పెట్టండి. నీళ్లు 28 దగ్గర ఉంటే ఇంకో వారం, గది వేడిలోనే ఉంటే ఇంకో రెండు వారాలు. ఆ తర్వాత ఉప్పును మూడు నాలుగు సార్లుగా, ఒక్కోసారి పావువంతు నీళ్లు మారుస్తూ తగ్గించండి. టీడీఎస్ మీటరు మళ్లీ పాత రీడింగు దగ్గరకు వచ్చిందా చూసుకోవచ్చు. మందు పోసిన ట్యాంకుకైతే కొత్త కార్బన్ వేసి నీళ్ల రంగు పూర్తిగా పోయేదాకా ఉంచండి. ఆ నీళ్లను మొక్కల కుండీల్లో పోయకండి, ముఖ్యంగా కరివేపాకు, పుదీనా లాంటి తినేవాటికి.